గళ్ళు చెక్కిన చేతులు

తుపాకీ అంటే నాకు చచ్చేంత భయం. సినిమాలో పేలినా చెవులు మూసుకునే రకాన్ని. అలాంటి నేను ఒక రైఫిలు కర్రని ఒళ్ళో పెట్టుకుని, దానిమీది గళ్ళు తడుముతూ అరగంట కూర్చున్నానంటే మావారు ఇప్పటికీ నమ్మరు.

అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలో వున్న మా తమ్ముడింటికి వెళ్ళినప్పటి సంగతి. పక్కింటి పెద్దాయనకి ఎనభై దాటాయి. రోజూ పొద్దున్నే కారుషెడ్డు తలుపు ఎత్తి, బల్ల ముందు కూర్చునేవాడు. ఓరోజు మా మరదలు పులిహోర డబ్బా చేతికిచ్చి, ఆయనకి ఇచ్చి రమ్మంది. వెళ్ళేసరికి తుపాకీ గొట్టం తీసి పక్కన పెట్టి, ఒట్టి కర్రని రెండు కొసలా బిగించి, కుంపటి మీద వంకాయ తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుకుంటూ గీతలు చెక్కుతున్నాడు.

"మనవరాలికి ఇద్దామని. ఇచ్చేలోగా గళ్ళు చేత్తో చెక్కాలి" అన్నాడు.

"గళ్ళు వున్నాయిగా?" అన్నాను.

నవ్వి, ఇంకో పాత రైఫిలు కర్ర తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "రెండూ తడిమి చూడండమ్మా."

తడిమాను. పాతదాని మీద గళ్ళు వేలికి సన్నగా గుచ్చుకుని, చెయ్యిని పట్టి ఆపాయి. కొత్తదాని మీద వేళ్ళు జారిపోయాయి.

రోలుకి కక్కు కొట్టించడం మీలో కొందరికైనా గుర్తుండే వుంటుంది. అరిగి నున్నబడిన రోట్లో పప్పు నలగదు, జారిపోతుంది. గంట్లు పెట్టిస్తే మళ్ళీ పట్టు వస్తుంది. తుపాకీ కర్రకీ అంతే. వానలోనూ చెమటలోనూ చెయ్యి జారకుండా రెండు చేతులూ పట్టే చోట్ల ఈ గళ్ళు. చెకరింగ్ అంటారు. పద్ధెనిమిదో శతాబ్దం చివరికే ఇంగ్లండు తుపాకుల మీద వుందిది. అవసరంగా మొదలై, పోనుపోను అలంకారం కూడా అయింది.

పని చూస్తే సులువే అనిపిస్తుంది. ముందు రెండు ఏటవాలు గీతలు, ఒకదాన్నొకటి కోసుకునేలా. మిగతా గీతలన్నీ ఈ రెండింటి సంతానమే. పనిముట్టుకి రెండు వరసల పళ్ళుంటాయి. ఒక వరస గీసిన గీతలో నడుస్తుంటే, రెండోది పక్కనే కొత్త గీత గీస్తుంది. అంగుళానికి 18 నుంచి 24 గీతలు మామూలు. ఆ తర్వాత ఒంటి వరస పనిముట్టుతో ప్రతి గీతనీ విడతలు విడతలుగా లోతు చేస్తే, గీతల మధ్య మిగిలిన చెక్క చిన్న చిన్న మొనలుగా తేలుతుంది. ఒక్కో గడి పొడవు వెడల్పుకి మూడు, మూడున్నర రెట్లుంటే అందమట. అంచు దగ్గర చెయ్యి ఆగాలి. ఆగకపోతే గీత బయటికి దూకుతుంది. చెక్క మీద రబ్బరుతో చెరపడం వుండదు కదా!

ఆ ఒళ్ళోది పెద్దాయన తండ్రిది. ఆ రాష్ట్రంలోనే, న్యూ హేవెన్ ఊళ్ళో వించెస్టర్ కంపెనీ 1936లో మొదలుపెట్టిన మోడల్ 70 రైఫిలు. దాని గళ్ళు చేత్తో చెక్కేవారు. చేతిపనికి ఖర్చు పెరిగిపోతోందని 1964లో కంపెనీవాళ్ళు ఆ పద్ధతే మానేశారు. ఉక్కు అచ్చుని వేడి చేసి చెక్క మీద నొక్కెయ్యడమే. గడి పైకి తేలాల్సింది పోయి లోపలికి కుంగింది. మనం ముగ్గుగొట్టం దొర్లించినట్టు! వాకిలి నిండుతుంది, కాదనను.

కొనేవాళ్ళు గోల పెట్టారు. నిజం చెప్పాలంటే గొడవ గళ్ళ గురించే కాదు, లోపలి యంత్రాంగాన్ని మార్చినందుకు కూడా. కానీ లోపలిది తెలియాలంటే విప్పి చూడాలి, గళ్ళ సంగతి చెయ్యి వెయ్యగానే తెలిసిపోతుంది. '1964కి ముందుది' అన్నమాటే ఆ రైఫిళ్ళకి ఒక బిరుదయి కూచుంది, వాటి ధర పెరిగింది. 1970ల మొదట్లో కంపెనీ అచ్చు మాని, యంత్రంతో కోసిన గళ్ళకి వచ్చింది. 2006లో న్యూ హేవెన్ ఫ్యాక్టరీయే మూతబడింది. పెద్దాయన 1965లో తన మొదటి జీతాలతో కొనుక్కున్నది ఆ అచ్చు గళ్ళ రైఫిలే.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు?" అనడిగాను.

"మా అమ్మ దగ్గర. ఫ్యాక్టరీలో ఈ పనే చేసేది."

నేను తెల్లబోయాను. తుపాకులంటే మగవాళ్ళ వ్యవహారమనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ తర్వాత మా తమ్ముడు పుస్తకాలు వెదికి చెప్పాడు, బెల్జియంలో లియేజ్‌లోనూ, ఫ్రాన్సులో సెంతెత్యెన్‌లోనూ కూడా గళ్ళు చెక్కే ఆడవాళ్ళుండేవారట. ఫ్రెంచి భాషలో ఆ పనిచేసే ఆడమనిషికి ప్రత్యేకంగా ఒక పేరే వుందట. వేటకి వెళ్ళిన దొరల ఫొటోలు బోలెడు చూశాం. ఆ దొర చెయ్యి జారకుండా చూసిన ఆడదాని ఫొటో ఎవరు చూశారు?

"అయితే మీ నాన్నగారి రైఫిలు మీద గళ్ళు మీ అమ్మగారివేనా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "తెలీదమ్మా. అయివుండొచ్చు. వాటిమీద పేరు వెయ్యరుగా" అని, పళ్ళు అరిగిన చిన్న పనిముట్టు చూపించాడు. "ఇది మాత్రం ఆవిడదే. అచ్చులొచ్చాక ఇంటికి పట్టుకొచ్చేసింది."

నాకూ ఒక పనికిరాని అక్రోటు చెక్క ఇచ్చి గీయమన్నాడు. యాభై ఏళ్ళుగా వాకిట్లో చుక్కలు కలుపుతున్నదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను. రెండు గీతలు బాగానే వచ్చాయి. మూడోది వెంట్రుకవాసి వంకర పోయింది. నాలుగోది దాని వెనకే వెళ్ళింది, అయిదోది నాలుగోదాని వెనక!

ఆ చెక్క తెచ్చుకుని మా వంటింటి అలమర్లో పెట్టాను. మొన్న మా కోడలు చూసి, "ఏమిటత్తయ్యా, ఎలక కొరికిందా?" అంది. ముగ్గుగొట్టం పక్కన పెట్టి కూచోమన్నాను. మూడో గీత దగ్గర్నుంచి కథంతా చెప్పాను.