రెండు పౌన్ల చిల్లర బిల్లు

రోల్స్ రాయిస్ అనగానే మనకి ఫార్వర్డ్ మెయిళ్ళలో తిరిగే మహారాజుల కథలే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ కంపెనీ చరిత్రలో బాగా నచ్చింది ఒక రిపేరు బిల్లు.

1907 నాటి సంగతి. కారంటే దారిలో ఆగిపోయే వస్తువు అని జనం అనుకునే రోజులు. కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టిన కారుని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుల ఎదుట 15,000 మైళ్ళు తిప్పించాడు. ఎక్కువగా లండన్, గ్లాస్గోల మధ్యే. 629 మైళ్ళకి కుదుపుల వల్ల పెట్రోలు ట్యాపు దానంతటదే మూసుకుపోయి బండి ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్ళు ఇంకే లోపంతోనూ ఆగలేదు.

ప్రకటనలకి ఈ అంకె చాలు. మన భాషలో చెప్పాలంటే ఇది అప్‌టైమ్ మాత్రమే. ఆగకుండా నడిచిందంటే లోపల అంతా బాగున్నట్టేనా? అందుకే క్లబ్బు వాళ్ళు బండిని పూర్తిగా విప్పదీసి, ఎక్కడెంత అరిగిందో చూశారు. మళ్ళీ కొత్తదానిలా చెయ్యడానికి మార్చాల్సిన భాగాల ఖర్చు 2 పౌన్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు తేలింది. ముందు చక్రాల పివట్ పిన్నులు, స్టీరింగ్ బాల్ లాంటి చిన్నా చితకా. గతుకుల దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే కదా. వాల్వులకి మాత్రం గ్రైండింగ్ సరిపోయింది. అంటే పేస్టు రాసి, సీటు మీద తిప్పుతూ, సందు లేకుండా అతుక్కునేదాకా అరగదీయడం అన్నమాట. ఎగ్జాస్ట్ వాల్వు ఎంత వేడిలో బతుకుతుందో తెలిసినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

తర్వాత్తర్వాత రోడ్డునే వర్క్‌షాపులోకి తెచ్చేశారు. ఎగుడుదిగుడు చక్రాల మీద బండిని నిలబెట్టి, కదలకుండానే గతుకులన్నీ తినిపించే యంత్రం. రోల్స్ రాయిస్ నుంచి 1930లో క్యాడిలాక్‌కి వెళ్ళిన మారిస్ ఆలీ ఈ పద్ధతిని డెట్రాయిట్‌కి పట్టుకెళ్ళాడు. 1932లో ఒక పెద్ద లిమొజీన్‌కి ముందూ వెనకా జరపగలిగే బరువులు కట్టి, సస్పెన్షన్ మారుస్తూ నడిపారు. ప్రయాణం హాయిగా ఉందో లేదో కొలిచే మీటరేమీ లేదు, కూర్చున్నవాళ్ళు చెప్పిందే లెక్క :) ముందు స్ప్రింగులు వెనకవాటికంటే మెత్తగా ఉండాలని అలా తేలింది. పాత పద్ధతి ముందు ఇరుసుతో అది కుదిరే పని కాదు. 1934 క్యాడిలాక్‌లకి ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది ఈ దారిలోనే.

1936లో రోల్స్ రాయిస్ కూడా ఫాంటమ్ 3కి అలాంటి సస్పెన్షన్ పెట్టింది. దాంతోపాటు 12 సిలిండర్ల ఇంజనుకి హైడ్రాలిక్ ట్యాపెట్లు. వాల్వు దగ్గర సందుని ఆయిల్ ప్రెషర్‌తో అవే సర్దుకుంటాయి, చప్పుడుండదు. ఆ రోజుల్లో కంపెనీ కొత్త నమూనాలని ఫ్రాన్సులో షాతోరూ దగ్గర 10,000 మైళ్ళు పరుగెత్తించేది. అంత పరీక్ష చేసే కంపెనీకి కూడా ఈ ట్యాపెట్లు తలనొప్పయ్యాయి. వాటికి ఆయిల్ అతి శుభ్రంగా ఉండాలి. కాస్త మడ్డి చేరినా మొరాయిస్తాయి.

నా ఉద్దేశంలో తేడా ఇక్కడే వచ్చింది. టెస్టు బండి ఆయిల్ చూసేది కంపెనీ మెకానిక్కు. అమ్మిన బండి ఆయిల్ చూసేది ఎవరో, ఎప్పుడు చూస్తారో! సిల్వర్ ఘోస్ట్‌ని విప్పి చూసినట్టు, కొన్నవాళ్ళ దగ్గర ఏడాది తిరిగిన బండినొకదాన్ని విప్పి చూడటమే అసలైన పరీక్ష. మన దగ్గర టెస్ట్ సర్వర్లో ఆడి, కస్టమర్ దగ్గర పడుకునే కోడ్ కథే ఇదీను.

1938లో కంపెనీ ఆ ట్యాపెట్లు మానేసి మామూలువి పెట్టింది. అప్పటికే అమ్మిన చాలా బళ్ళలో కూడా తర్వాత పాతవి తీసేసి ఇవే వేశారు.