ఊడని పచ్చిక

మూడేళ్ల కిందట షోలాపూర్ సాఖర్ పేట్‌లోని మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. మా కులపోళ్ల అబ్బాయే, తువ్వాళ్లు ఎగుమతి చేస్తాడు. సంచిలోంచి మూరెడు పొడవున్న పచ్చటి ముక్క తీసి నా ముందు పెట్టి, "కాకా, ఇది మన మగ్గం మీద వస్తదా?" అన్నాడు.

గోల్ఫ్ ఆట నేర్చుకునేవాళ్లు బంతిని పెట్టి కొట్టే చాప అట అది. మైదానం లేనిచోట, డాబా మీదో గ్యారేజీలోనో పరుచుకుని వందల సార్లు కొడతారట. పుణెలో, హైదరాబాద్‌లో కొనేవాళ్లు పెరిగారు, బయటి దేశాల నుంచి తెప్పిస్తున్నారు, మనమే నేసి ఇస్తే ఎట్లుంటది అని అతని ఆలోచన.

నేను గోల్ఫ్ ఆడినవాణ్ణి కాదు, చూసినవాణ్ణీ కాదు. యాభై ఏళ్లు గ్రాఫు కాగితం మీద నెమళ్లు దించినవాణ్ణి. షోలాపూర్ చెద్దరు మీద పురివిప్పే నెమలిని మీరు చూసే ఉంటారు. ముందు దాన్ని కాగితం మీద గళ్లుగా విడగొట్టాలి. అడ్డంగా ఒక్కో గడి జాకార్డులో ఒక్కో కొక్కెం, నిలువుగా ఒక్కో గడి ఒక్కో పేక. రంగు పడ్డ గడికి అట్ట మీద చిల్లు, పడని చోట ఖాళీ. చిల్లు ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దాంతో పాటు పడుగు పోగు లేస్తుంది. పేకకు ఒక అట్ట చొప్పున కొట్టి, వరసగా దారంతో కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీయాలి. ఒక్క నెమలికి నేను కొట్టిన అట్టలు వెయ్యి దాటేవి. అందులో ఒక్క చిల్లు తప్పు పడినా నెమలి కంట్లో నలుసు పడినట్టే. నేత అయ్యాక ఎవరు చూసినా నేరుగా అక్కడే చూస్తారు.

బట్ట చేతికివ్వగానే మేము ముందు ముఖం చూడం, తిరగేస్తాం. ఆ ముక్కనూ తిరగేశాను. వెనక నల్లటి రబ్బరు, దాని కింద స్పాంజి. ముందు వైపు నైలాను పోచలు, దువ్వెన పళ్లలా దగ్గరగా, నిటారుగా ఉన్నాయి. ఒక పోచను గోళ్ల మధ్య పట్టి లాగాను. రాలేదు. ఇంట్లోంచి పటకారు తెచ్చి లాగాను. పోచ తెగింది కానీ వేరు కదల్లేదు.

కుర్రాడు ఆ చాపకు ఏమేం కావాలో చెప్పాడు. బంతి పోచల మొనల మీద నిలవాలి, లోపలికి దిగబడకూడదు. చెక్క మేకు గుచ్చితే పట్టుకోవాలి. ఇనుప కర్ర గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి రాసుకుంటూ పోతుంది కాబట్టి ఆ వేడికి పోచ కరగకూడదు. నాసిరకం చాపల రంగు కరిగి కర్రకు పచ్చ చారలు అంటుతాయట. ఇవన్నీ ఒక ఎత్తు. అసలు చిక్కు అడుగుతో వస్తుంది. నిజమైన గడ్డి మీద దెబ్బ తప్పి నేలకు తగిలితే మట్టి లేస్తుంది, ఆటగాడికి తన తప్పు తెలుస్తుంది. చాప మీద కర్ర జారి బంతికే తగులుతుంది, తప్పు కనబడదు. అడుగు మరీ గట్టిగా ఉంటే ఆ అదురు మణికట్టుకు, మోచేతికి ఎక్కుతుంది. మెత్తదనం ఎక్కువైతే నేల ఉన్నట్టే అనిపించదు. దెబ్బలన్నీ ఒక్కచోటే పడతాయి గనక ఆ జానెడు పట్టీని విడిగా తీసి మార్చుకునేలా చేస్తారు. మా కార్ఖానాల్లో చిరిగిన అట్టలను మాత్రం తీసి కొత్తవి కుట్టినట్టన్నమాట. వినేకొద్దీ ఆట సంగతి పోయి నాకు నేత సంగతే వినబడింది.

పోచలు నిలబెట్టడం షోలాపూర్‌కు కొత్త కాదు. టర్కీ తువ్వాలు అదే కదా. ఆ మగ్గానికి పడుగు బీములు రెండు. నేల పడుగు బిగుతుగా ఉంటుంది, కుచ్చు పడుగు వదులుగా దిగుతుంది. మొదటి రెండు పేకలను పన్నె బట్ట అంచుదాకా కొట్టకుండా కాస్త ఇవతలే ఆపుతుంది. మూడో పేక పడ్డాక మూడింటినీ కలిపి ఒక్క దెబ్బన తోస్తుంది. బిగుతుగా ఉన్న నేల పడుగు మీద పేకలు జారిపోతాయి. వదులుగా ఉన్న కుచ్చు పడుగు వాటితో పాటు వచ్చి, పోవడానికి చోటు లేక పైకి లేచి ఉంగరం తిరుగుతుంది. టర్కీలో చేత్తో నేసే ఈ నేతను ఇంగ్లండు వాళ్లు మిషన్ మీదికెక్కించి 1851 లండన్ మహాప్రదర్శనలో పెట్టారు. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి అది మా పేటలకొచ్చింది. ఉంగరాల తలలు కోసేస్తే మఖమలు, అంటే పచ్చిక.

ఇంకేం, నేద్దామన్నాను. పట్టు కోసం మూడు పేకలకు బదులు నాలుగు పేకల కట్టు పెట్టాం. ఆకుపచ్చ అద్దకం వేయించాం, తలలు కోయించాం. కింద రబ్బరు షీటు వేసి చెక్క మీద బిగించాం. కార్ఖానా వాకిట్లో, కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా పని ఆపి చూస్తుండగా, కుర్రాడు ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ఇనుప కర్రతో కొట్టాడు. మొదటి దెబ్బకు బంతి లేచి ఎదుటి గోడకు తగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. అయిదో దెబ్బకు కర్ర మొనకు పచ్చటి దూది అంటుకుంది. పదో దెబ్బకు చాప నడుమ గుండు కనబడింది, పేను కొరికిన తలలాగ.

తప్పు నేతది కాదు. మా నేతలో కుచ్చును పట్టుకునేది పేక ఒత్తిడి ఒక్కటే. ఒళ్లు తుడుచుకోవడానికి అది చాలు, ఇనుప కర్రకు చాలదు. ఆ నైలాను ముక్కను బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే రహస్యం బయటపడింది. అది నేసిందే కాదు. ముందే తయారైన అడుగు బట్టలోకి వరస సూదులతో పోగులు గుచ్చి, వెనక జిగురు పోసి గట్టి చేశారు. పడుగూ లేదు, పేకా లేదు.

పడుగునూ పేకనూ నమ్ముకునే ఈ ఊరొచ్చిన మా ముత్తాత ఆ రాత్రి నాకు గుర్తొచ్చాడు.

ఆయన సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఎందుకొచ్చాడో ఎవరూ రాసిపెట్టలేదు కానీ సంవత్సరాలు వరసగా పేర్చి చూస్తే తెలిసిపోతుంది. 1860లో బొంబాయి వైపు నుంచి రైలు షోలాపూర్ చేరింది. 1874లో నిజాం రైలు వాడి దగ్గర దానికి కలిసింది. 1876 నుంచి 1878 దాకా దక్కను అంతటా పెద్ద కరువు. ఆ కరువు నడుమ, 1877లో, షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు తిరగడం మొదలుపెట్టింది. ఊరంతా జునీ మిల్లు అని పిలిచింది దాన్నే. ఒకవైపు కూడు లేదు, ఇంకోవైపు నూలు ఉంది, మధ్యలో రైలు ఉంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి మా పద్మశాలీలు ఇటు కదిలారు. ఒక ఇంటివాడు వచ్చి కుదురుకుంటే వెనకాలే బావమరిది, అతని వెనక వాళ్ల ఊరు.

మొదట నేసింది మరాఠీ ఆడవాళ్ల తొమ్మిది గజాల చీరలు. మగ్గం ఇంట్లోనే, అంచు ఎర్రది, నేల నల్లది. తర్వాత నాలుగు మగ్గాలున్నవాడు ఎనిమిది పెట్టి కార్ఖానాదారుడయ్యాడు, పక్కింటివాడు కూలికి వచ్చాడు. ఇద్దరి మాటా తెలుగే, ఇద్దరి దేవుడూ మార్కండేయుడే, కానీ ఒకరు సేటు, ఒకరు కామ్‌గారు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం లాగేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకే తాడు మీద పడతాయి. మర్నాడు కూలి లెక్క దగ్గర మళ్లీ పేచీ. మా పేటల చరిత్ర సగం ఆ పేచీయే.

మా నాన్న కాలంలో చీర తగ్గి చెద్దరు పెరిగింది, చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. ముతక నూలు, జాకార్డు, రెండు వైపులా కప్పుకోదగిన నేత. ఒక వైపు ఎర్ర నేల మీద పచ్చ నెమలి ఉంటే తిరగేస్తే పచ్చ నేల మీద ఎర్ర నెమలి. మూటలు భుజాన వేసుకుని మా వాళ్లు తెలుగు జిల్లాల్లో ఊరూరా తిరిగారు. పూర్వీకులు కరువుకు విడిచిన ఊళ్లకే మనవలు చెద్దర్లు మోసుకుపోయారు. మగవాళ్లు మగ్గం కాడ, ఆడవాళ్లు గడప కాడ తునికాకు ముందేసుకుని బీడీల కాడ. మా అమ్మ బీడీల పైసలతోనే నా బడి ఫీజు కట్టేది.

ఇక ఆ సూదుల సంగతి. ఎక్కడ పుట్టిందా అని మనవరాలితో వెతికించి చదివించుకున్నాను. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే చిన్న ఊరు. 1895లో అక్కడ కాథరిన్ ఇవాన్స్ అనే పదిహేనేళ్ల పిల్ల పాత కుచ్చుల దుప్పటిని చూసి తానూ ఒకటి కుట్టింది. బట్టలో లావు పోగు గుచ్చి, తలలు కోసి, వేడినీళ్లలో ఉతికింది. వేడికి బట్ట ముడుచుకుని కుచ్చును బిగించి పట్టుకుంది. 1900లో ఒక దుప్పటి రెండున్నర డాలర్లకు అమ్మింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నేర్చుకున్నారు. వ్యాపారులు గీతలు అచ్చేసిన బట్ట ఇంటింటికీ ఇచ్చి, కుట్టినవి పోగుచేసుకునేవారు, అచ్చం మా పేటల్లో బీడీల ఆకు ఇచ్చి కట్టలు పట్టుకుపోయినట్టు. దుప్పట్లను రోడ్డు పక్కన తాళ్ల మీద ఆరేసి కార్లలో పోయేవాళ్లకు అమ్మేవారు. ఎక్కువగా అమ్ముడుపోయిన బొమ్మ ఏదో తెలుసా? నెమలి. ఆ రోడ్డుకు 'నెమళ్ల సందు' అనే పేరే పడింది.

అక్కడ నా మనసు ఆగిపోయింది. భూగోళానికి ఆ చివర ఒక దుప్పట్ల ఊరు, ఈ చివర ఒక దుప్పట్ల ఊరు. రెండింటి మీదా నెమలే.

కానీ ఆ ఊరివాళ్లు ఒక పని చేశారు. చేతి పనిని యంత్రానికి, వేడినీళ్లు చేసే పనిని జిగురుకు అప్పగించారు. ఒక సూది పోయి వరస సూదులు వచ్చాయి, దుప్పటి వెడల్పు పెరిగి తివాచీ అయింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో డాల్టన్ అమెరికా తివాచీల రాజధాని అయింది. ఇంకోపక్క 1960లలో మోన్‌శాంటో కంపెనీ పట్నం పిల్లలు ఆడుకోవడానికని నైలాను పచ్చిక తయారుచేసింది. హూస్టన్‌లో కప్పు వేసిన ఆస్ట్రోడోమ్ మైదానంలో ఎండ తగలక గడ్డి చచ్చిపోతే 1966లో దాన్ని పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చింది. తివాచీ గుచ్చే సూదులే పచ్చికనూ గుచ్చగలవు గనక దుప్పట్ల ఊరు గడ్డి ఊరూ అయింది. ఈ కుర్రాడు నా ముందు పెట్టిన చాప ముక్క ఆ పదిహేనేళ్ల పిల్ల దుప్పటికి మునిమనవరాలు.

మేమేం చేశాం? పువ్వులు మార్చాం. నెమలి తర్వాత గులాబీ, గులాబీ తర్వాత తాజ్‌మహల్, ఆ తర్వాత జంట చిలుకలు. ప్రతి దీపావళికీ కొత్త డిజైన్ కావాలని సేటు అడిగేవాడు, నేను గీసేవాణ్ణి. కుచ్చు ఎక్కడ పట్టుకుంటోంది, ఇంకెలా పట్టించవచ్చు అని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ప్రశ్నించుకోలేదు. ఇందులో తెలివి తక్కువతనం కన్నా లేమి ఎక్కువ. ఎనిమిది మగ్గాల కార్ఖానా నెల గడిస్తే చాలనుకుంటుంది, నేతగాడికి మీటరు లెక్కన కూలి, నాకు డిజైన్ లెక్కన. ప్రయోగం చేసే రోజుకు పైసలిచ్చే పద్దు ఏ ఖాతాలోనూ లేదు. 2005లో షోలాపూర్ చెద్దరుకూ, టర్కీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు చట్టం కాపలా ఉంది. అయినా వేరేచోట చవక నూలుతో నేసిన దుప్పటి మీద మా ఊరి పేరు అతికించి బజారులో సగం ధరకు అమ్ముతూనే ఉన్నారు. బొమ్మను ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. పట్టును ఎత్తుకుపోవాలంటే ముందు అది అర్థం కావాలి. మేము బొమ్మ మీద బతికాం.

కుర్రాడు చాప ఆలోచన మానుకున్నాడు. మేము నేసిన మఖమలు వృథా పోలేదు. దాన్నే సన్నటి తువ్వాళ్లుగా కోసి, మూలన ఒక ఇత్తడి కన్ను కొట్టి, గోల్ఫ్ సంచికి తగిలించుకుని కర్రలు తుడుచుకునే గుడ్డగా పంపుతున్నాడు. తుడవడానికి మా నేత ఇప్పటికీ సాటిలేనిదే.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు నా దగ్గరికి కంప్యూటర్ డిజైన్ నేర్చుకోవడానికి వస్తున్నారు. మొదటి రోజే ఇద్దరికీ తలా ఒక తువ్వాలు, ఒక బ్లేడు ఇస్తాను. బొమ్మ తర్వాత గీద్దురు గాని, ముందు దీన్ని అడ్డంగా కోసి పోగు ఎక్కడ ఆగిందో చెప్పండి అంటాను.

ఆ పచ్చ ముక్క మా గడప ముందే ఉంది, కాళ్లు తుడుచుకోవడానికి వేశాం. మూడు వానాకాలాలు గడిచాయి. అప్పుడు నేను పటకారుతో తెంపిన ఆ ఒక్క పోచ తప్ప ఇంకోటి ఊడలేదు.