వంగమొక్కకు వేసవి సెలవులా?

నాలుగో తరగతిలో మా డ్రిల్లు మాస్టారు బడి వెనక తలా ఒక మడి ఇచ్చారు. నా వంతుకు ఆరు వంగమొక్కలు. రోజూ చెంబుతో నీళ్లు మోసి పోసేదాన్ని. పూత పట్టి, రెండు పిందెలు కూడా దిగాయి. ఇంతలో పరీక్షలు, వెంటనే వేసవి సెలవులు, బడికి తాళం! జూన్‌లో వచ్చి చూద్దును కదా, ఆరు ఎండు పుల్లలు. ఎవర్నని ఏం లాభం? తోటకు నీళ్లు కావలసిన రోజుల్లోనే బడిలో మనిషి ఉండడు.

ఈ చిక్కుకు జవాబులాంటిది చాలా ఏళ్ల తరువాత ఓ పాత నివేదికలో కనిపించింది. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తలను సమావేశపరిచి, పిల్లలకు చదువు చేతిపని ద్వారానే రావాలన్నారు. ఆ పద్ధతికి పాఠ్యప్రణాళిక తయారుచేసే పని జాకిర్ హుస్సేన్ గారి సంఘానికి అప్పగించారు. వడకడం, నేత, వడ్రంగం వంటి వాటితో పాటు పళ్లతోట, కూరలతోట పెంపకాన్నీ వారు చేర్చారు. ఐదున్నర గంటల బడిలో చేతిపనికే 3 గంటల 20 నిమిషాలు! మాతృభాషకు 40 నిమిషాలేనట. తెలుగు మాస్టార్లు ఊరుకుంటారా, మీరే చెప్పండి?

నన్ను ఆపేసిన అంకె మరొకటుంది. ఏడాదికి 288 పనిదినాలు, అంటే సగటున నెలకు 24. పాలవాడి లెక్క చూసినట్టు నేనూ చూశాను. 365లో 288 పోతే 77. అందులో ఆదివారాలు 52. మిగిలిన 25 రోజుల్లోనే పండగలూ పబ్బాలూ సర్దుకోవాలి. ఇక నెలన్నర వేసవి సెలవులకు చోటెక్కడిది?

వార్ధా ఎండ మన రామగుండం ఎండకేమీ తీసిపోదు. ఆ పక్కనే సేవాగ్రామ్‌లో ఆశాదేవి, ఆర్యనాయకం దంపతులు ఈ పద్ధతిలో బడి నడిపారు. అలాంటి ఎండలో తోట బతకాలంటే తెల్లారకముందో, పొద్దు వాలాకో నీళ్లు పెట్టాలి. పాదుల్లో ఎండుటాకులు పరవాలి. టమాటా పూత రాల్చేస్తుంది గాని బెండ, గోంగూర, తోటకూర తట్టుకుంటాయి. నీరు ఆవిరి కావడమనే పాఠం ఇంతకన్నా బాగా ఎవరు చెబుతారు?

ఒక్కటి మాత్రం నాకు రుచించలేదు. ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు చేతిపని బదులు గృహవిజ్ఞానం తీసుకోవచ్చునట. పలుగు వాళ్లకు, గరిటె మనకూ!

1938లో హరిపుర కాంగ్రెస్ ఈ పథకాన్ని ఆమోదించింది. స్వాతంత్ర్యం వచ్చాక బేసిక్ బళ్లు కొన్నాళ్లు నడిచి నెమ్మదిగా వెనకబడ్డాయి. మా అబ్బాయి కలెక్టరు కావాలి గాని పాదులు తవ్వడమేమిటి అన్నది మనమేగా!

మళ్లీ 2019లో కేంద్ర ప్రభుత్వం బడితోటలకు మార్గదర్శకాలిచ్చింది. మా మనవరాలి బడిలోనూ బెండ మడులు లేచాయి.

"సెలవుల్లో నీళ్లెవరు పోస్తారే?" అన్నాను.

"వంటామె ఇల్లు పక్కనేగా అమ్మమ్మా, ఆవిడ పోస్తుంది" అంది తేలిగ్గా.

మధ్యాహ్న భోజనం వండే ఆమెకు కేంద్రం లెక్కలో గౌరవవేతనం ఏడాదికి పది నెలలే. ఆ మిగిలిన రెండు నెలల్లోనే బెండకు రోజూ నీళ్లు కావాలి.