పాతబడిన మందు ఎవరిది?

ఒక మందు బజారులో దొరకకుండా పోతే దానికి కాలం చెల్లిందనుకోవడం మనకి అలవాటు. అంతకంటే మేలైనది వచ్చింది గనకనే పాతది తప్పుకున్నదని తయారీదారులూ నమ్మబలుకుతారు. డిప్రెషన్‌కి వాడే మందుల చరిత్రని పరిశీలించినమీదట ఈ మాటలో సగమే నిజం వున్నదని నాకు తోస్తున్నది. తక్కిన సగం తెలియాలంటే ఆ మందులు ఎలా పుట్టాయో, ఎవరి ఆస్తి అయ్యాయో చూడాలి.

1952లో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకి ఇప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. నీరసించి మంచం పట్టినవాళ్ళలో ఉత్సాహం పొంగడం డాక్టర్లు గమనించారు. 1957 నాటికి నాథన్ క్లైన్, ఆయన సహచరులు దాన్ని డిప్రెషన్‌కి మందుగా ముందుకు తెచ్చారు. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని గైగీ కంపెనీ క్లోర్‌ప్రొమజీన్‌ని పోలిన ఒక పదార్థాన్ని తయారుచేసి మున్‌స్టర్‌లింగెన్ మానసిక చికిత్సాలయానికి పంపింది. స్కిజోఫ్రేనియాకి అది పనికిరాలేదు. కాని డిప్రెషన్‌తో కుంగినవాళ్ళు దానితో తేరుకోవడం రోలాండ్ కున్ అనే డాక్టరు గుర్తించి 1957లో ప్రకటించాడు. అదే ఇమిప్రమీన్. మరుసటేడు టోఫ్రానిల్ పేరుతో విస్తృతంగా అమ్మకానికి వచ్చింది. 1961లో అమెరికాలో అమిట్రిప్టిలిన్ వచ్చింది.

ఈ కథలో కంపెనీల పేర్లూ డాక్టర్ల పేర్లూ నిలిచాయి, రోగుల పేర్లు లేవు. మున్‌స్టర్‌లింగెన్‌లో దశాబ్దాల తరబడి రోగులమీద కొత్త మందుల్ని ప్రయోగించారనీ, వాళ్ళలో అనేకులకి ఆ సంగతి చెప్పనైనా లేదనీ 2019లో చరిత్రకారులు వెలువరించిన పరిశోధన బయటపెట్టింది. కాబట్టి ఈ మందుల్లో కంపెనీ పెట్టుబడి మాత్రమే కాదు, నోరులేని వేలమంది శరీరాలూ వున్నాయి.

మందులన్నీ ఒకే కారణంతో మాయమవవు. ఇప్రోనియజిడ్ కాలేయాన్ని దెబ్బతీస్తున్నదని తేలాక 1961లో అమెరికాలో దాన్ని ఆపేశారు. అది న్యాయమే. ఇమిప్రమీన్, అమిట్రిప్టిలిన్‌ల వంటివి మోతాదు మించితే గుండెకి ప్రమాదం. కొత్త మందులకి మొగ్గడానికి ఇదొక నిజమైన కారణం. దీన్ని దాచి పాత మందులకి హారతులు పట్టనవసరంలేదు. కాని 2004లో అమెరికాలో నెఫజొడోన్ కథ చూడండి. కాలేయ ప్రమాదం గురించి అప్పటికే గగ్గోలు వున్నది. సర్జోన్ పేరుతో దాన్ని అమ్మే కంపెనీ మాత్రం, అమ్మకాలు పడిపోయాయి గనక విరమించుకుంటున్నానని చెప్పింది. ఆ మందే జెనరిక్ రూపంలో ఆ తరవాత కూడా దొరికింది. మందు నిలబడింది, బ్రాండు పోయింది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ లిథియం. అది ప్రకృతిలోని మూలకం. విషాదానికీ ఉన్మాదానికీ మధ్య ఊగే జబ్బుకి అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ చూపాడు. 2020లో బ్రిటన్‌లో ఎసెన్షియల్ ఫార్మా కంపెనీ, ఎక్కువమంది వాడే ప్రియాడెల్ అనే చవక లిథియం బిళ్ళల్ని ఆపుతానన్నది. అంతకంటే ఖరీదైన కామ్‌కోలిట్ కూడా ఆ కంపెనీదే! డాక్టర్లు గొంతెత్తారు, పోటీ వ్యవహారాల సంస్థ విచారణకి దిగింది. అప్పుడుగాని కంపెనీ సరఫరా కొనసాగిస్తానని మాట ఇవ్వలేదు. పేటెంటు అన్నదే లేకపోయినా, తయారుచేసేవాళ్ళు ఒకరిద్దరే అయినప్పుడు రోగి వాళ్ళ దయమీద బతకాలన్నమాట.

మన దేశంలో ఈ దయాధర్మానికి ప్రత్యామ్నాయం వెతికిన కాలం వొకటి వుంది. 1970 పేటెంట్ల చట్టం మందుమీద గుత్తహక్కుని తీసేసింది, తయారీ పద్ధతికి మాత్రమే గరిష్ఠంగా ఏడేళ్ళ హక్కు మిగిల్చింది. 1975లో హాథీ కమిటీ బ్రాండు పేర్లు క్రమంగా తొలగించి మందుల్ని అసలు పేర్లతోనే అమ్మాలన్నది. ప్రభుత్వం అయిదు మందులతో మొదలుపెట్టబోయింది. వాటిలో ఇమిప్రమీన్‌కి మాతృక అయిన క్లోర్‌ప్రొమజీన్ వొకటి. కంపెనీలు కోర్టుకెక్కాయి, ఆ ప్రయత్నం అక్కడే ఆగిపోయింది. ఒక పేరు కోసం అంత పోరాటం ఎందుకు? పేరు తనదైతేనే ధర తనదవుతుంది.

హైదరాబాదుకి ఈ చరిత్రలో చోటున్నది. సోవియట్ సహకారంతో ఇక్కడ నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారం మందుల తయారీలో ఒక తరాన్ని తీర్చిదిద్దింది. అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. 2001లో ప్రోజాక్ పేటెంటు అమెరికా కోర్టులో వీగిపోయాక, 40 మిల్లీగ్రాముల ఫ్లూయాక్సెటిన్ గొట్టాల్ని జెనరిక్‌గా అమ్మడానికి 180 రోజుల ప్రత్యేక హక్కు ఆ కంపెనీకే దక్కింది. అది గర్వించదగినదే. కాని గుత్తాధిపత్యాన్ని పగలగొట్టినందుకు బహుమానం కూడా చిన్నపాటి గుత్తాధిపత్యమే కావడం గమనించాలి. ఆ తరాన్ని తయారుచేసిన ఐ.డి.పి.ఎల్. మాత్రం 1990లలోనే ఖాయిలా పడింది. 2005 నుంచి మందుమీదే పేటెంటు మళ్ళీ వచ్చింది.

పాత డిప్రెషన్ మందులకి ఇప్పుడు పేటెంటు అడ్డంకి లేదు. అమిట్రిప్టిలిన్ 2022 నాటి మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో వున్నది. అయితే జాబితాలో వుండడం వేరు, పల్లెటూరి మందుల షాపులో వుండడం వేరు. లాభం సన్నగిల్లిన మందుని ఎవరో ఒకరు తయారుచేసి తీరాలనే బాధ్యత ప్రజారంగానిది కాకపోతే మరెవరిదీ కాదు. బిళ్ళ హఠాత్తుగా ఆగితే నిద్రపోని రాత్రులూ, తిరగబెట్టే జబ్బూ రోగి పాలవుతాయి. తను వాడేదాన్ని బ్రాండు పేరుతోనే ఎరిగిన రోగి, ఆ పేరు పోగానే మందే పోయిందనుకుంటాడు. అసలు పేరు తెలిస్తే మరో కంపెనీ బిళ్ళ గురించి డాక్టర్ని నిలదీసి అడగగలడు.

రచయితలకి ఇందులో పనేమిటని కొందరు అడగవచ్చు. మన కథల్లో మనోవ్యాధి వుంటుంది, కన్నీళ్ళు వుంటాయి, ఆత్మహత్య వుంటుంది. బిళ్ళ ఖరీదు, అది దొరకని రోజు, చీటీమీద రాసిన పేరు మాత్రం వుండవు. దుఃఖాన్ని మనసు లోపలి సంగతిగానే రాసినంతకాలం దాని చుట్టూ జరిగే వ్యాపారం మన సాహిత్యానికి కనిపించదు.