ఇల్లే తొలి బడి : ఆటిజము గల పిల్లల గృహశిక్షణ చరిత్ర

పాలకొల్లు పేరునకు మూలము పాలకొలను అని స్థలపురాణము చెప్పుచున్నది. ఉపమన్యుడను బాలుడు పాలు కావలెనని వేడుకొనగా పరమేశ్వరుడు అనుగ్రహించి ఆతనికి పాలు ప్రసాదించెననియు, అందువలననే ఇచ్చటి దేవునకు క్షీరారామలింగేశ్వరుడను పేరు కలిగెననియు కథ. ఆ బాలుని యందు మనము సాధారణముగా గుర్తింపని శక్తి యొకటి ఉండెను. అతడు తనకు కావలసినదానిని అడుగగలిగెను. అట్లు అడుగలేని పిల్లలు కొందరు ప్రతి ఊరిలోను ఉన్నారు. దప్పిక అయినను అమ్మను పిలువరు. పేరు పెట్టి పిలిచినను తల త్రిప్పరు. వేలు చాపి వస్తువును చూపరు. బండి చక్రమును గంటల తరబడి త్రిప్పుచుందురు. నిత్యము వెళ్ళు దారి మారినచో గగ్గోలు పెట్టుదురు. ఈ స్థితికే ఆటిజము అని పేరు.

ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదుగుదలలోనే పుట్టుకతో వచ్చు భేదము. కొందరిలో తెలివి లోపము కూడ ఉండవచ్చును. మరికొందరిలో ఆ లోపమేమియు లేక అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉండవచ్చును. దీనిని పూర్తిగా తొలగించు మందు నేటికిని లేదు. అయినను ఈ పిల్లలకు మాట, పని, బడిచదువు నేర్పవచ్చునని రెండువందల యేండ్ల అనుభవము నిరూపించినది. ఈ అనుభవములో ముఖ్యమైన భాగము ఆసుపత్రులలో గాక ఇండ్లలో జరిగినది. ఆ చరిత్రను తెలిసికొనుట తలిదండ్రులకు ఎంత అవసరమో ఉపాధ్యాయులకును అంత అవసరము.

అడవిలో దొరికిన బాలుడు

క్రీ.శ. 1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులోని ఆవేరాన్ ప్రాంతమున పదకొండు పన్నెండేండ్ల బాలుడొకడు అడవినుండి వచ్చి జనులకు చిక్కెను. అతనికి మాట రాదు. అతనిని పారిస్ నగరములోని బధిరుల విద్యాలయమునకు తెచ్చిరి. పెద్ద పెద్ద వైద్యులు చూచి వీనికి ఏమియు నేర్పలేమని తేల్చిరి. ఇటార్ అను యువవైద్యుడు మాత్రము ఆ తీర్పును అంగీకరింపలేదు. ఆ బాలునకు విక్టర్ అని పేరు పెట్టి కొన్ని సంవత్సరములు ఓర్పుతో శిక్షణ నిచ్చెను. విక్టర్‌కు ఉన్నది ఆటిజమే అని కొందరు శాస్త్రజ్ఞులు భావింతురు గాని, అది నిర్ధారితమైన విషయము కాదు.

పాలు అను అర్థమిచ్చు ఫ్రెంచి మాటను విక్టర్ పలుకసాగెను. కాని పాలు చేతికి వచ్చిన తరువాతనే పలికెడివాడు! అది అడుగుట కాదని ఇటార్ గ్రహించెను. మాటను ఉచ్చరించుట వేరు, మాటతో పని జరిపించుకొనుట వేరు. ఈ భేదమును గుర్తించుటయే నేటి భాషాశిక్షణకు పునాది. తరువాత అక్షరపు బిళ్ళలతో ఆ మాటను కూర్చుట నేర్పగా, ఒకనాడు విక్టర్ ఆ నాలుగు బిళ్ళలను జేబులో వేసికొని పరిచయస్థుల యింటికి వెళ్ళి, బల్లపై పేర్చి పాలు అడిగెను.

ఇటార్ పేరు పుస్తకములకెక్కినది. కాని విక్టర్‌ను దినమంతయు చూచుకొనినది గెరాన్ అను గృహిణి. స్నానము, భోజనము, బట్టలు, షికారు, అన్నియు ఆమె చేతిమీదనే. ఆమె భర్త మరణించిన తరువాత విక్టర్ అలవాటు చొప్పున ఆయనకు కూడ బల్లపై పళ్ళెము పెట్టెను. ఆమె దుఃఖించుట చూచి దానిని తీసివేసి మరల ఎన్నడును పెట్టలేదు. ఇట్టి పిల్లలకు మనసు లేదను వారికి ఇదియే సమాధానము. ఇటార్ శిక్షణ మానుకొనిన తరువాతను, 1828లో విక్టర్ మరణించువరకు ఆమెయే అతనిని ఆదరించెను.

ఒక తండ్రి వ్రాసిన ఉత్తరము

1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన ఫారెస్ట్ అను చిన్న పట్టణము నుండి ఒక తండ్రి, లియో కానర్ అను శిశుమనోవైద్యునకు 33 పుటల ఉత్తరము వ్రాసెను. తన కుమారుడు డొనాల్డ్ ఎప్పుడు ఏమి చేసెనో, ఏ మాట ఎట్లు పలికెనో అందులో వివరముగా ఉన్నది. అంతకుముందు వైద్యుల సలహాపై ఆ పిల్లవానిని మూడేండ్ల వయస్సున ఒక సంస్థలో చేర్చి, ఏడాది గడచిన పిమ్మట తలిదండ్రులు ఇంటికి తెచ్చుకొనిరి. డొనాల్డ్‌తో కూడ పదునొకండుగురు పిల్లలను గూర్చి కానర్ 1943లో ప్రకటించిన వ్యాసమే ఆటిజమును ప్రత్యేకస్థితిగా వైద్యలోకమునకు పరిచయము చేసినది. సోవియట్ దేశమున సుఖరేవా అను వైద్యురాలు 1925లోనే ఇట్టి పిల్లలను వర్ణించెను గాని, ఆమె రచన చాలకాలము మరుగున పడియుండెను.

డొనాల్డ్ కొన్నాళ్ళు ఒక రైతు దంపతుల వద్ద పెరిగెను. వారు చదువుకొనిన చికిత్సకులు కారు. పిల్లవానికి కొలతల పిచ్చి యుండగా, నుయ్యి త్రవ్వించి దాని లోతు చెప్పమనిరి. మొక్కజొన్న సాళ్ళను మాటిమాటికి లెక్కించుచుండగా, నాగలి దున్నుచు లెక్కించమనిరి. పిల్లవాని ఆసక్తిని అణచక, దానినే పనిలోనికి మరలించిరి. డొనాల్డ్ తరువాత 1958లో కళాశాల పట్టము పొంది, బ్యాంకులో ఉద్యోగము చేసి, 2023లో తన తొంబదవ యేట స్వగ్రామముననే కన్ను మూసెను.

తల్లులపై మోపిన నేరము

ఇంతలో ఒక అపవాదు పుట్టినది. ప్రేమ చూపని తల్లి వలననే బిడ్డకు ఆటిజము వచ్చునని కొందరు మనోవైద్యులు ప్రచారము చేసిరి. బెటెల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథము ఈ వాదమునకు విశేష ప్రచారము కలిగించినది. కానర్ కూడ మొదట ఆ వాదమునకు ఊతమిచ్చి తరువాత విరమించుకొనెను. ఆటిజము గల బిడ్డకు తండ్రియైన రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1964లోనే దీనిని ఖండించి, కారణము శరీరధర్మములోనే ఉన్నదని వాదించెను. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అను పరిశోధకులు 21 జతల కవలలను పరీక్షించి వంశపారంపర్య కారణములు బలముగా ఉన్నవని చూపిరి. టీకాల వలన ఆటిజము వచ్చునను 1998 నాటి వ్యాసము తప్పుడుదని తేలి 2010లో ఉపసంహరింపబడినది. తల్లి పెంపకమునుగాని, గ్రహణమునాటి తప్పిదమునుగాని కారణముగా చెప్పుట శాస్త్రమునకు విరుద్ధము, మానవత్వమునకును విరుద్ధము.

ప్రయోగశాల నుండి ఇంటికి

ఒక పనికి వెంటనే మంచి ఫలితము లభించినచో ఆ పని మరల మరల జరుగును. 1898లో థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి ఈ సూత్రమును ప్రతిపాదించెను. స్కిన్నర్ ఎలుకలతో, పావురములతో దీనిని విస్తరించెను. ప్రవర్తనను బలపరచు ఆ ఫలితమునకు పునర్బలనము అని పేరు.

ఈ సూత్రము ఆటిజము గల పిల్లలకు ఎట్లు ఉపకరించునో 1964లో వూల్ఫ్, రిజ్లీ, మీస్ అను వారు ప్రకటించిన ఉదంతము చక్కగా చూపును. డికీ అని వారు పిలిచిన మూడున్నరేండ్ల బాలునకు శుక్లముల కారణముగా కంటి కటకములు తొలగించిరి. కళ్ళద్దములు పెట్టుకొననిచో చూపు పోవును. వాడు వానిని తాకనీయడు. శిక్షకులు మొదట అద్దములు లేని ఉత్త చట్రములను గదిలో ఉంచిరి. చట్రమును పట్టుకొనినచో తినుబండారపు ముక్క ఇచ్చిరి. తరువాత చేతితో తీసికొని తిరిగినచో, ఆ పిమ్మట కంటి దాపునకు తెచ్చినచో మాత్రమే ఇచ్చిరి. ఇట్లు మెట్టు మెట్టుగా సాధింపగా, తుదకు డికీ దినమునకు సుమారు 12 గంటలు కళ్ళద్దములు ధరింపసాగెను. మొదట ఆసుపత్రిలో నేర్పిన పనులను తలిదండ్రులకు చూపించి, వారిచేత చేయించి, క్రమముగా ఇంటికి మార్చిరి. ఇల్లు చేరిన తరువాతను ఆ లాభము నిలిచెను.

ఇల్లు ఏల ముఖ్యమో 1973లో మరింత స్పష్టమైనది. లాస్ ఏంజిలిస్‌లో లోవాస్ బృందము 20 మంది పిల్లలకు శిక్షణ నిచ్చి, తరువాత వారి గతిని పరిశీలించినది. సంస్థలకు పంపబడిన పిల్లలు నేర్చినదానిని కోల్పోయిరి. శిక్షణ పొందిన తలిదండ్రులున్న ఇండ్లకు చేరినవారు నిలుపుకొనిరి, ముందుకును సాగిరి. అదే కాలమున ఉత్తర కరొలీనాలో షోప్లర్, తలిదండ్రులను సహచికిత్సకులుగా స్వీకరించు పద్ధతిని నెలకొల్పెను.

1987లో లోవాస్ మరొక ఫలితము ప్రకటించెను. నాలుగేండ్ల లోపు వయస్సు గల 19 మంది పిల్లలకు వారమునకు సుమారు 40 గంటల చొప్పున రెండేండ్లకు పైగా ముఖ్యముగా ఇండ్లలో శిక్షణ నీయగా, 9 మంది సాధారణ తరగతిలో మొదటి సంవత్సరము ముగించిరి. అట్టి శిక్షణ లేని 40 మందిలో ఒక్కరే ఆ స్థితికి వచ్చిరి. ఈ వార్త తలిదండ్రులలో గొప్ప ఆశ రేపినది. అయితే పిల్లలను నిష్పాక్షికముగా విభజింపలేదని విమర్శ కలిగినది. 2000 సంవత్సరమున 28 మంది పిల్లలతో మరింత కట్టుదిట్టముగా జరిపిన పరీక్షలో లాభము కనబడినను, అది మొదటి దానియంత కాదు.

ఇంకొక సంగతి దాచరానిది. ఆ తొలినాళ్ళ శిక్షణలో గద్దించుట, కొట్టుట, విద్యుదాఘాతము నిచ్చుట కూడ జరిగినవి. పెద్దవారైన ఆటిజము గల వ్యక్తులే నేడు ఆ బాధను వ్రాయుచున్నారు, మాట్లాడుచున్నారు. చేతులు ఆడించుట వంటి హానిలేని చేష్టలను మాన్పుటకై పిల్లవానిని ఏడిపించుట తగదని వారి మాట. ఈ విమర్శ వలన శిక్షణ మారినది. బల్లవద్ద కూర్చుండబెట్టి చేయించు పాఠముల స్థానమున, ఆటలో, భోజనమువేళ, పిల్లవాని ఇష్టమును అనుసరించి నేర్పు పద్ధతులు వృద్ధియగుచున్నవి.

మన దేశమున

మద్రాసులో జయచంద్రన్, విమల అనువారు 18 విభాగములలో 360 అంశములు గల అభివృద్ధి పట్టికను రూపొందించిరి. పిల్లవానికి ఏమి రాదో గాక ఏమి వచ్చునో చూచి, అక్కడినుండి నేర్పుటకు అది ఉపకరించును. 1984లో సికిందరాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసినది. ఇప్పుడు దాని పేరు మారినది గాని, మనోవికాస్ నగర్ అన్నచో తెలుగు దేశమున ఎన్నో కుటుంబములకు అదియే గుర్తు. అక్కడ రీటా పెషావరియా, వెంకటేశన్ 1992లో భారతీయ బాలుర ప్రవర్తనను కొలుచు మానమును ప్రకటించిరి. ఆటిజమును కొలుచుటకు 40 అంశముల భారతీయ మానమును కూడ ఆ సంస్థయే 2009లో సిద్ధపరచినది. ఢిల్లీలో 1991లో మెర్రీ బరువా అను తల్లి ఆటిజమునకై ఒక సంస్థను స్థాపించెను.

1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు. 1999 నాటి జాతీయ న్యాసచట్టము దానిని గుర్తించినది. 2016 నాటి హక్కుల చట్టము 21 వైకల్యములలో ఒకటిగా చేర్చినది.

నిపుణులు లేని ఊళ్ళ మాటేమి? గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిపి 2016లో ప్రకటించిన పరీక్ష దీనికి కొంత జవాబిచ్చినది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, ఆరు నెలలు తలిదండ్రులకు మార్గము చూపగా, పిల్లలు తమంతట తాము పలుకరించుట పెరిగినది. పాలకొల్లు వంటి పట్టణములకు ఇది ముఖ్యమైన వార్త. రాత్రి రైలెక్కి సికిందరాబాదు పోయి వచ్చుట నెలకొకమారు కూడ అందరికి సాధ్యము కాదు. ఇల్లు మాత్రము నిత్యము ఉండును.

ఇంటిలో శిక్షణ ఎట్లు జరుగును?

మొదట నిపుణునిచేత పరీక్ష చేయించి, పిల్లవానికి ఏమి నేర్పవలెనో నిర్ణయింపవలెను. చెవుల పరీక్ష తప్పక జరుపవలెను. వినబడనివాడు పలుకకపోవుట వేరు విషయము. తరువాత పనిని చిన్న మెట్లుగా విభజింపవలెను. నరసాపురము ప్రాంతమున స్త్రీలు లేసు అల్లునప్పుడు కుట్టు వెంట కుట్టు పడిననే పువ్వు ఏర్పడును గదా! ఇదియు అట్టిదే.

భోజనమైన పిదప చేయి కడుగుకొనుట తీసికొందము. బక్కెట వద్దకు వెళ్ళుట, చెంబు ముంచుట, నీరు పోసికొనుట, రుద్దుట, మరల పోసికొనుట, తువాలుతో తుడుచుకొనుట. ఇవి ఆరు మెట్లు. మొదటి అయిదింటిని తల్లి పిల్లవాని చేయి పట్టి చేయించి, చివరిదైన తుడుచుకొనుటను మాత్రము వానికి వదలును. అది వచ్చిన పిదప దాని ముందు మెట్టును వదలును. ఇట్లు వెనుకనుండి ముందునకు నేర్పినచో పని ముగించిన తృప్తి ప్రతిసారియు పిల్లవానికే దక్కును. పట్టుకొనిన చేయి క్రమముగా మోచేతి స్పర్శగా, తరువాత సైగగా మారి, తుదకు మాయము కావలెను. పని జరిగిన క్షణముననే మెప్పు, జంతిక ముక్క, ఊయల, ఏది వానికి ప్రీతియో అది ఇవ్వవలెను. గంట తరువాత ఇచ్చినది పునర్బలనము కాదు.

మజ్జిగ ఇష్టమైనచో, గ్లాసు ఎదుట పెట్టి కొద్దిసేపు వేచియుండవలెను. వేలు చూపినను, బొమ్మకార్డు ఇచ్చినను, సగము మాట పలికినను అది అడుగుటయే, వెంటనే ఇవ్వవలెను. అయితే మాట వచ్చువరకు ఆకలితో ఉంచుట క్రౌర్యము. బొమ్మలు అలవాటైనచో మాట రాదను భయము నిరాధారము.

పిల్లవాడు కేకలు వేసినచో ఏల అని మొదట ప్రశ్నింపవలెను. వస్తువు కొరకా? పని తప్పించుకొనుటకా? ఎవరైన చూడవలెననియా? లేక కుక్కరు ఈల చెవులకు బాధగా ఉన్నదా? కేకకు ముందు ఏమి జరిగెనో, తరువాత ఏమి జరిగెనో వారము దినములు వ్రాసినచో జవాబు తరచుగా దొరకును. ఈల బాధించుచున్నచో శిక్షణ కాదు, కుక్కరు దగ్గరనుండి దూరముగా తీసికొనిపోవుటయే మందు.

దినమునకు పది ప్రయత్నములలో ఎన్ని స్వయముగా చేసెనో నోటుపుస్తకమున గుర్తింపవలెను. రెండు వారములు అంకె కదలనిచో తప్పు పిల్లవానిది కాదు; మెట్టు పెద్దదై యుండును, దానిని విడగొట్టవలెను. ఇంట నేర్చినదానిని అమ్మమ్మ యింటను, గుడివద్దను, బడిలోను చేయించిననే అది స్థిరపడును. తల్లి యొక్కతెయే ఈ భారమంతయు మోయరాదు. తండ్రి, తాతయ్య, అన్నదమ్ములు పాలు పంచుకొనవలెను. కొలది నెలలలో పూర్తిగా నయము చేయుదుమని సొమ్ము గుంజువారిని మాత్రము నమ్మరాదు.

ఉపాధ్యాయుల వంతు

ఇట్టి పిల్లవాడు ఒకనాడు మన తరగతికి వచ్చును. దినచర్యను బొమ్మలతో గోడపై పెట్టుట, ఒక్కొక్క సూచన మాత్రమే ఇచ్చుట, గంట మ్రోగుటకు ముందుగా తెలియజేయుట, తోటివారు ఎగతాళి చేయకుండ చూచుట, ఇవి ఏ బడిలోనైన సాధ్యములే. విద్యార్థులు కూడ అటువంటి సహాధ్యాయి పలుకనంత మాత్రమున వానికి స్నేహము అక్కరలేదని తలంపరాదు.

ఇటార్‌కు గెరాన్ తోడుండెను. కానర్‌కు ఒక తండ్రి ఉత్తరము దారి చూపెను. డికీ కళ్ళద్దములను ఇంట నిలిపినవారు వాని తలిదండ్రులే. శాస్త్రము సూత్రమును చెప్పినది. దానిని దినదినము పిల్లవాని బ్రతుకున నిలిపినది గృహము. కావున అట్టి పిల్లవాడు బడిలో చేరిననాడు, తల్లి వ్రాసికొన్న ఆ నోటుపుస్తకమును అడిగి తీసికొని చదువుటయే ఉపాధ్యాయుని మొదటి పని కావలెను.