కొండదారి నేర్పే నడక: మారథాన్ నుంచి మోకాళ్ల పర్వతం దాకా

మారథాన్ పరుగు దూరం 42.195 కిలోమీటర్లని ఈనాడు పాఠశాల విద్యార్థులు సైతం చెప్పగలరు. ఆ చివరి 195 మీటర్లు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే మాత్రం బదులు చెప్పగలిగేవారు తక్కువ. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగును విండ్సర్ రాజప్రాసాదం వద్ద ప్రారంభించి, క్రీడాప్రాంగణంలో రాజకుటుంబం ఆసీనమైన చోటికి ఎదురుగా ముగించారు. ఆ రెండింటి నడుమ దూరం 26 మైళ్ల 385 గజాలైంది. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య దానినే ప్రమాణంగా స్వీకరించింది. ప్రపంచమంతా నేడు పరుగెత్తుతున్న దూరం రాజభవనాన్ని బట్టి నిర్ణయమైనదే తప్ప, మానవ శరీరాన్ని బట్టి నిర్ణయమైనది కాదు.

ఇక మన తిరుపతికి వద్దాం. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపునుంచి వెళ్లే శ్రీవారి మెట్టు సుమారు 2.1 కిలోమీటర్లే అయినా 2,388 మెట్లు ఉన్నాయి. ఈ దారులను ఎవరూ పోటీ కోసం వేయలేదు. తరతరాలుగా నడిచినవారి కాళ్లే ఎక్కడ ఆగాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నిర్ణయించాయి. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి చదివితే ఒక వైద్యసత్యం తేటతెల్లమవుతుంది. కొండ మన వేగాన్ని కాదు, మన సంసిద్ధతను పరీక్షిస్తుంది.

నీళ్లు మోసినవాడి విజయం

మారథాన్ యుద్ధ విజయవార్తను ఏథెన్సుకు చేర్చి, ఆ వెంటనే ప్రాణం విడిచిన దూత కథ మీరు వినే ఉంటారు. అయితే ఆ యుద్ధం గురించి విపులంగా రాసిన హెరోడోటస్ ఆ మరణాన్ని ప్రస్తావించలేదు. ఫైడిప్పిడీస్ అనే దూత సహాయం కోరుతూ స్పార్టాకు పరుగెత్తాడని మాత్రమే రాశాడు. దూత మరణించిన కథ దాదాపు ఆరు వందల ఏళ్ల తరువాత ప్లుటార్క్, లూసియన్ రచనలలో కనిపిస్తుంది.

1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోని మారథాన్ పరుగుకు ఆ కథే ప్రేరణ. మారథాన్ గ్రామం నుంచి ఏథెన్సు వరకు సుమారు 40 కిలోమీటర్ల పరుగు నిర్వహించారు. ఆ దారి మొదట సముద్రతీర మైదానంలో సాగి, తరువాత చాలాదూరం ఎగువకు ఎక్కి, ముప్పై కిలోమీటర్లు దాటాక గాని నగరం వైపు దిగదు. అంటే శరీరం అలసిన తరువాతనే అసలు కొండ ఎదురవుతుంది.

ఆ రోజు ముందుగా దూసుకుపోయినవారు ఎవరు? 1500 మీటర్ల పరుగులో మొదటి మూడు స్థానాలు పొందిన ముగ్గురు: ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లాక్, అమెరికాకు చెందిన బ్లేక్, ఫ్రాన్సుకు చెందిన లెర్ముసియో. వేగంలో వారికి సాటిలేదు. అయినా ఆ ముగ్గురిలో ఒక్కరూ గమ్యం చేరలేదు. 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో విజేతగా నిలిచినవాడు స్పిరిడాన్ లూయిస్. ఏథెన్సు సమీపాన మరూసి గ్రామవాసి. తండ్రితోపాటు నగరానికి మంచినీళ్లు చేరవేయడం అతని వృత్తి. నిత్యం బరువుతో సాగిన నడకే అతని శిక్షణ అయింది.

ఎనిమిదేళ్ల తరువాత 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పరుగుదారిలో ఏడు గుట్టలు ఉండేవట. మన ఏడుకొండలు గుర్తుకొస్తున్నాయి కదూ! మండుటెండ, మట్టిదారి, ముందు సాగే వాహనాలు లేపే ధూళి. దారిపొడవునా తాగునీరు ఒకటిరెండు చోట్ల తప్ప దొరకలేదు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మందే. విజేత థామస్ హిక్స్‌కు సహాయకులు దారిలో స్ట్రిక్నిన్ అనే విషపదార్థాన్ని, బ్రాందీని ఉత్తేజకాలుగా పట్టించారు. అతడు బతికి బయటపడటం అదృష్టమనే చెప్పాలి.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లాజారోకు ఆ అదృష్టం లేకపోయింది. ఎండ తగలకుండా అతడు ఒంటికి కొవ్వు పదార్థం పూసుకున్నాడని, దానివల్ల చెమట పట్టక శరీర ఉష్ణోగ్రత విపరీతంగా పెరిగిందని చెబుతారు. పరుగులో కుప్పకూలి మరునాడు మరణించాడు. ఆధునిక ఒలింపిక్స్ పోటీలో అదే తొలి మరణం. చెమట అలసటకు గుర్తు మాత్రమే కాదు, శరీరాన్ని చల్లబరిచే యంత్రాంగమని లోకానికి అంత కఠినంగా తెలిసివచ్చింది.

మన దారి: పేర్లలో దాగిన శరీరశాస్త్రం

ఇప్పుడు అలిపిరి పాదాల మండపం వద్ద నిలబడి పైకి చూడండి. నడక ప్రారంభంలోనే తలయేరు గుండు అనే బండరాయి ఉంది. కాళ్లనొప్పులు రాకూడదని భక్తులు దానికి తలను, మోకాళ్లను ఆనించి బయలుదేరుతారు. నమ్మకం సంగతి అలా ఉంచితే, ఎక్కబోయేముందు మోకాళ్లను తలచుకోవాలని ఈ దారి మొదటి అడుగులోనే గుర్తుచేస్తోంది. అక్కడినుంచి గాలిగోపురం వరకు నిలువైన మెట్లు. ఆ తరువాత చాలాదూరం చెట్ల నీడలో, లోయల అందాలు చూస్తూ సాగే తేలికైన నడక. శరీరం సేదదీరిందనుకునే వేళకు మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. గ్రీసు దారిలో వలెనే ఇక్కడా కఠినపరీక్ష చివరి భాగంలోనే ఉంది.

ఆ పేరు వెనుక సంప్రదాయ కథనాలున్నాయి. ఈ పవిత్రపర్వతాన్ని పాదాలతో తొక్కరాదని రామానుజాచార్యులు మోకాళ్లపై ఎక్కారని ఒక కథనం. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) బాల్యంలో కొండ ఎక్కుతూ, ఇక్కడ ఆకలితో, అలసటతో సోలిపోగా, అలమేలుమంగమ్మ ప్రత్యక్షమై ప్రసాదం పెట్టి సేదదీర్చిందని ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర చెబుతుంది. భక్తులు దానిలో దైవానుగ్రహాన్ని చూస్తారు. వైద్యుని కంటికి దానితోపాటు మరొకటి కూడా కనిపిస్తుంది. ఖాళీ కడుపుతో నిటారైన మెట్లెక్కిన శరీరానికి ఆ క్షణాన కావలసినవి రెండే: విశ్రాంతి, ఆహారం. కథలోని బాలునికి అవి రెండూ లభించాయి.

ఈ దారిలో మెట్లు, గోపురాలు, మండపాలు ఒకేసారి వెలసినవి కావు. రాజులు, సామంతులు, దాతలు శతాబ్దాలపాటు నిర్మించారు. గాలిగోపురాన్ని మట్ల రాజుల నిర్మాణంగా చెబుతారు. తిరుమలను ఏడుమార్లు దర్శించిన శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి వచ్చినది 1513లో. చంద్రగిరి వైపునుంచి వచ్చే రాజులు శ్రీవారి మెట్టు దారిన ఎక్కేవారని స్థానికుల విశ్వాసం. రాజైనా రైతైనా ఎత్తు ఒక్కటే కదా!

నడకలోని ఆచారాలను గమనించండి. ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ వెళ్లే మెట్లపూజలో వేగానికి తావేలేదు. దారిపొడవునా పలికే గోవిందనామం మరొక ఉదాహరణ. వ్యాయామం చేస్తూ మాటలాడగలిగితే శ్రమ అదుపులో ఉన్నట్లు, మాట పెగలకపోతే హద్దు దాటినట్లు నేటి వ్యాయామ వైద్యం చెబుతుంది. గోవిందా అని గొంతెత్తి పిలవగలిగినంత వేగంతో ఎక్కేవాడు, తెలియకుండానే ఆ పరీక్షను ప్రతి మలుపులోనూ చేసుకుంటున్నాడు.

మరొక విషయం. మారథాన్ శ్రమను స్త్రీల శరీరం తట్టుకోలేదన్న అపోహ పాశ్చాత్య క్రీడాలోకంలో చాలాకాలం రాజ్యమేలింది. ఒలింపిక్స్‌లో మహిళలకు మారథాన్ ప్రవేశపెట్టినది 1984లోనే. ఇక్కడ మాత్రం తల్లులు, అవ్వలు అంతకు శతాబ్దాల ముందునుంచే ఈ కొండ ఎక్కుతూ వచ్చారు. వారి ఓర్పును ఎవరూ గడియారంతో కొలవలేదు, అంతే.

1944 తరువాత మారినది

1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వచ్చాయి. అంతకుముందు నడవలేనివారిని డోలీలలో మోసుకెళ్లేవారు. మిగిలినవారికి నడక తప్ప వేరే దారి లేదు. రోడ్డు రాకతో వృద్ధులకు, రోగులకు దర్శనం సాధ్యమైంది. అది గొప్ప మేలు. దానితోపాటు మరొక మార్పు కూడా నిశ్శబ్దంగా జరిగింది. నడక అవసరం కాక, ఇష్టపూర్వకమైన మొక్కుగా మారింది.

వెనుకటి యాత్రికుడు పొలంలో, అడవిలో, బావిగట్టున ఏడాదంతా శ్రమించినవాడు. ఎన్నో ఊళ్లనుంచి రోజులతరబడి నడిచి తిరుపతి చేరినవాడు. కొండ అతనికి ఆ నడక చివరి మజిలీ. నేటి యాత్రికుడు ఏడాదంతా కుర్చీలో కూర్చుని, రాత్రంతా బస్సులోనో రైలులోనో నిద్రలేక ప్రయాణించి, తెల్లవారగానే మొదటి మెట్టు ఎక్కుతున్నాడు. స్పిరిడాన్ లూయిస్ వంటి శరీరం మొదటివాడిది. రెండవవాడికి ఫ్లాక్ వేగమూ లేదు, లూయిస్ అలవాటూ లేదు. మొక్కు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

ఆ శ్రమ ఎంతో లెక్కవేద్దాం. ఎక్కవలసిన ఎత్తు సుమారు 650 మీటర్లు. 70 కిలోల మనిషి తన శరీరాన్ని అంత ఎత్తుకు చేర్చడానికి, కండరాల సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే, దాదాపు 400 నుంచి 550 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కొండపై ప్రాణవాయువు తక్కువని కొందరు భయపడతారు. తిరుమల ఎత్తు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్లు. అక్కడి వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 90 శాతం. ఆరోగ్యవంతునికి అది సమస్య కాదు. ఆయాసానికి ప్రధాన కారణం గాలి కాదు, మెట్లు. అయితే గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ఆ కొద్ది తేడా కూడా భారమే.

దారిలో గుండె ఆగి యాత్రికులు మరణించిన వార్తలు మనం అప్పుడప్పుడు చదువుతూనే ఉన్నాం. 60 ఏళ్లు దాటినవారు, మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్లవ్యాధులు, గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన రావద్దని దేవస్థానం 2024లో సూచించింది. ఇది భక్తికి అడ్డుచెప్పడం కాదని దయచేసి గ్రహించండి.

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికాలో 2000–2010 మధ్య మారథాన్, అర్ధమారథాన్ పరుగులలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షల మందిని పరిశీలించింది. వారిలో 59 మందికి గుండె ఆగిపోగా 42 మంది మరణించారు. సంఖ్య చిన్నదే. కానీ వారిలో అత్యధికులు నెలలతరబడి సాధన చేసి వచ్చినవారు. పక్కనున్నవారు వెంటనే ఛాతీపై ఒత్తి సి.పి.ఆర్. చేయడం ప్రాణాలు నిలవడానికి ముఖ్యమైన కారణమని కూడా ఆ అధ్యయనం తేల్చింది.

నడవదలచినవారికి

మొక్కు ఉంటే, రెండు నెలల ముందునుంచి సిద్ధంకండి. రోజూ అరగంట వడిగా నడవండి. వారానికి మూడుసార్లు మెట్లు ఎక్కండి. 40 ఏళ్లు దాటినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, ఇంట్లో చిన్నవయసులోనే గుండెజబ్బు వచ్చినవారు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించండి. మామూలు మెట్లెక్కినా ఛాతీలో బరువు అనిపించేవారు బస్సులోనే వెళ్లండి.

ముందురోజు రాత్రి నిద్ర తప్పనిసరి. ఇన్సులిన్ లేదా చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారు ఉపవాసంతో ఎక్కరాదు. ఎండెక్కకముందే బయలుదేరండి. మొదటి ఐదువందల మెట్లు మీకు చేతనైన దానికంటే నెమ్మదిగా ఎక్కండి. కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. మండపం కనిపించినప్పుడు కూర్చోండి. మన పూర్వులు దానిని కట్టినది అందుకే. నడిచి దిగేవారు మరింత జాగ్రత్త వహించండి. ఎక్కేటప్పుడు భారం గుండెపై, దిగేటప్పుడు మోకాళ్లపై.

ఛాతీ మధ్యలో ఒత్తిడి, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అక్కడే కూర్చోండి. ఇంకా కొన్ని మెట్లే కదా అనే మాటను మనసులోకి రానీయకండి. దారిలోని వైద్యకేంద్రానికి కబురు పంపండి. ఎవరైనా పడిపోయి, స్పృహలేక, శ్వాస ఆడకపోతే, రొమ్ము మధ్యలో రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా ఒత్తుతూ ఉండండి. సహాయం అందేవరకు ఆపకండి.

ద్వీపాలలోను, కొండప్రాంతాలలోను జరిగే చిన్న మారథాన్‌లు నేడు ప్రపంచమంతటా ఉన్నాయి. వాటిలో పాల్గొనేవారిలో చాలామందికి పతకంపై ఆశ ఉండదు. ఆ దారి అందాన్ని చూస్తూ క్షేమంగా చేరడమే వారి గెలుపు. మన కొండదారిలో ప్రథమ బహుమతి అసలే లేదు. రెండు గంటలలో చేరినవానికీ, ఆరు గంటలలో చేరినవానికీ, బస్సులో వచ్చినవానికీ లభించేది ఒకే దర్శనం. కనుక మీ కాళ్ల మాట, మీ గుండె మాట విని ఎక్కండి. క్షేమంగా వెళ్లి రండి.