క్లోజ్డ్ సర్క్యూట్ రీబ్రీదర్

వదిలిన ఊపిరినే శుద్ధిచేసి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ పరికరం. మామూలు స్కూబాలో ప్రతి ఊపిరీ బుడగలై పోతుంది. అందులో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగింతలు కనుక సిలిండరూ నాలుగింతల వేగంతో ఖాళీ అవుతుంది. రీబ్రీదర్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్ పట్టేస్తుంది, ఒంటికి ఖర్చయినంత ఆక్సిజనే కొత్తగా చేరుతుంది. ఆ ఖర్చు ఏ లోతులోనైనా దాదాపు ఒకటే. అందుకే చిన్న సిలిండర్లతో గంటల తరబడి నీటిలో ఉండవచ్చు.

1878లో హెన్రీ ఫ్లూస్ చేసిన తొలి ఆచరణయోగ్య పరికరం ఆక్సిజన్‌తో నడిచేది. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటితే ఆక్సిజనే విషమవుతుంది. నేటి పరికరాల్లో సెన్సర్లు, కంప్యూటర్ కలిసి ఆక్సిజన్ పీడనాన్ని సాధారణంగా 1.3 బార్ దగ్గర నిలుపుతాయి. అప్పుడు 20 మీటర్ల లోతులో పీల్చే నైట్రోజన్ పీడనం 2.4 నుంచి 1.7 బార్‌కు తగ్గుతుంది. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగనక్కర్లేని సమయం దానివల్ల పెరుగుతుంది.

సోడా లైమ్ చర్యలో వేడి, తేమ పుడతాయి గనుక గొంతు ఎండదు, చలి తక్కువ. అన్నిటికన్నా గొప్ప వరం నిశ్శబ్దం: బుడగల మోత లేకపోతే బెదురు చేపలు కూడా దగ్గరికొస్తాయి. నీటి అడుగున ఫొటోలు తీసేవారికి ఇంతకు మించిన సాధనం లేదు.

అయితే ఆక్సిజన్ తగ్గితే ఏ హెచ్చరికా లేకుండా స్పృహ పోతుంది. ప్రత్యేక శిక్షణ, విడిగా అత్యవసర సిలిండర్ తప్పనిసరి.